తీసేయబోయిన రెండు వరుసలు

1993 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి మొట్టమొదటి పీఎస్‌ఎల్‌వీ లేచింది. దాని తల మీద ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహం. మొదటి దశ బాగా మండింది, రెండోదీ మండింది. పులికాట్ సరస్సు మధ్యగా సూళ్లూరుపేట నుంచి వచ్చే రోడ్డు మీద నిలబడి తలెత్తి చూసేవాళ్లకు అంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు. తేడా వచ్చింది కంటిచూపు అందని ఎత్తులో, రెండో దశ విడిపోయే సమయంలో. అక్కడ రాకెట్‌కు అనుకోని పెద్ద కుదుపు తగిలింది.

కుదుపులు రాకెట్లకు కొత్త కాదు. ముక్కు ఎంత పక్కకు తిరిగిందో కొలిచి, అంత మేర వెనక్కు దిద్దడానికే ఆటోపైలట్ ఉంటుంది. ఆ ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్‌లో, ముక్కును పైకీ కిందికీ దిద్దే పిచ్ భాగంలో, ఒక పొరపాటు ఉండిపోయింది. దిద్దుబాటు ఆదేశం తనకు పెట్టిన గరిష్ఠ హద్దు దాటితే తప్ప అది బయటపడదు. హద్దు లోపల ఉన్నంతసేపు ఆ కోడ్ నిక్షేపంగా నడుస్తుంది. ఆ రోజు కుదుపు పెద్దది కాబట్టి ఆదేశమూ పెద్దదయింది, హద్దు దాటింది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. తర్వాతి ఏడాది అక్టోబర్ 15న రెండో పీఎస్‌ఎల్‌వీ ఐఆర్‌ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది. ఆ వాహనం ఇస్రోకు ఎంత నమ్మకమైన బండి అయిందో అందరికీ తెలిసిందే.

హద్దు దాటిన అంకె కంప్యూటర్‌లో ఏమవుతుంది? పాత కరెంటు మీటరులో అంకెల చక్రాలు 9999 దగ్గరికి వచ్చాక ఇంకో యూనిట్ కాలితే 0000 చూపిస్తాయి. మీటరుకు నాలుగు గళ్లే ఉన్నాయి, ఐదో అంకె పెట్టుకోవడానికి చోటు లేదు. కంప్యూటర్‌లోనూ ప్రతి అంకెకూ ఇన్ని బిట్లని కొలత ఉంటుంది. ప్లస్సులూ మైనస్సులూ రెండూ పట్టే 16 బిట్ల గడిలో మైనస్ 32,768 నుంచి 32,767 వరకే ఇముడుతుంది. 32,767కు ఒకటి కలిపితే మైనస్ 32,768 వస్తుంది. మీటరు కన్నా ఇది ప్రమాదం. మీటరు సున్నాకు పడుతుంది, ఇది ఏకంగా ఎదురు గుర్తుకు తిరుగుతుంది. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు. దీనికి మందు ఒక్కటే: ముందే ఒక చెక్ రాసుకోవడం. అంకె హద్దు దాటిందా, దాటబోతోందా అని అడిగే ఒకటి రెండు వరుసలు.

ఆ ఒకటి రెండు వరుసలను ‘శుభ్రం చేద్దాం’ అంటూ ఎవరైనా తీసేయబోతే ఏం జరుగుతుందో చూడటానికి రాకెట్ దాకా వెళ్లక్కర్లేదు, చేతిలోని ఫోన్ చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నల్. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ కోడ్ 2025 నాటికి సుమారు 4 కోట్ల వరుసలకు చేరింది. అందులో అందరూ భయభక్తులతో ముట్టుకునే భాగం మెమరీ మ్యాపింగ్.

ఫోన్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ మెమరీ అంతా తనదే అనుకుంటుంది. దానికి కనిపించే అడ్రస్‌లు నిజమైన మెమరీ చిప్‌లోని అడ్రస్‌లు కావు. ఏ ప్రోగ్రాముకు, ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా, దేన్ని చూపించాలో కెర్నల్ ఒక ఖాతా రాసుకుంటుంది. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఖాళీ మెమరీ, ఇక్కడి నుంచి ఫలానా ఫైలు, ఆ పైన ప్రోగ్రాము తన తాత్కాలిక లెక్కలు పేర్చుకునే స్టాక్. ఖాతాలో రాసినంత మాత్రాన చిప్‌లో చోటు కేటాయించినట్టు కాదు. ప్రోగ్రాము ఆ అడ్రస్‌ను నిజంగా తాకినప్పుడే ప్రాసెసర్ ఆగి కెర్నల్‌ను పిలుస్తుంది, కెర్నల్ అప్పుడు ఒక పేజీ తెచ్చి అక్కడ అమర్చుతుంది. వంద ప్రోగ్రాములు వాడే ఒకే లైబ్రరీ ఫైలు చిప్‌లో ఒక్కసారే ఉండి వందమందికీ కనిపించడం ఈ ఏర్పాటు వల్లే. ఇంత పొదుపు లేకపోతే మన ఫోన్లు ఉదయం తెరిచిన యాప్‌ను మధ్యాహ్నం దాకా నిలుపుకోలేవు.

ఈ ఖాతాలో లెక్క పేజీల్లో ఉంటుంది. చాలా యంత్రాల్లో ఒక పేజీ అంటే 4,096 బైట్లు. ప్రోగ్రాము 10,000 బైట్లు అడిగిందనుకోండి. రెండు పేజీలు చాలవు, మూడివ్వాలి, అంటే 12,288. ఈ పైకి సవరించే లెక్కకు కెర్నల్‌లో చక్కని చిట్కా ఉంది. అడిగిన సంఖ్యకు 4,095 కలుపు, వచ్చిన దాంట్లో చివరి 12 బిట్లు చెరిపెయ్. 10,000కు 4,095 కలిపితే 14,095, చివరి బిట్లు చెరిపితే 12,288. భాగహారం లేదు, శేషం లేదు.

ఇప్పుడు అసలు వరుసలకు వద్దాం. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము కొత్త మ్యాపింగ్ అడిగినప్పుడు ఆ పని చూసే ఫంక్షన్ మొదట్లోనే, అడిగిన పొడవు సున్నా అయితే ‘నువ్వడిగిందే తప్పు’ అనే ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. కొన్ని వరుసల తర్వాత, ఓవర్‌ఫ్లోలతో జాగ్రత్త అని ఇంగ్లీషులో మూడు మాటల కామెంటు. దాని కింద పొడవును పేజీలకు సవరించడం. ఆ వెంటనే మళ్లీ ఒక చెక్: పొడవు సున్నానా? అయితే ‘నువ్వడిగినంత చోటు లేదు’ అనే మరో ఎర్రర్.

ఒకే ఫంక్షన్‌లో సున్నా చెక్ రెండుసార్లు! పై చెక్ దాటి వచ్చిందంటే పొడవు సున్నా కాదు. సున్నా కానిదాన్ని పైకి సవరిస్తే ఇంకా పెద్దదే అవుతుంది కదా, సున్నా ఎలా అవుతుంది? పద్ధతిగా ఆలోచించే ఏ కుర్రాడికైనా ఈ రెండో చెక్ దండగ అనిపిస్తుంది. అతడు ఒక ప్యాచ్ తయారుచేశాడని ఊహించుకుందాం. ప్యాచ్ అంటే మార్పుల చిట్టా. చేర్చే వరుసల ముందు ప్లస్, తీసేసే వరుసల ముందు మైనస్. ఇందులో ప్లస్సులు లేవు, రెండు మైనస్సులే. పైన వివరణ: పైనే ఒకసారి చూసిన దాన్ని మళ్లీ చూస్తున్నాం, అవసరం లేని వరుసలు తీసేశాను, పనితీరులో మార్పేమీ ఉండదు.

పనితీరులో మార్పుండదు అనే ఆ హామీ క్లీనప్ ప్యాచ్‌లన్నిటి మీదా కనిపిస్తుంది. అనుభవమున్న రివ్యూయర్ దాన్ని హామీగా చదవడు, రుజువు చూపాల్సిన వాదనగా చదువుతాడు. కంపైలర్‌కు అభ్యంతరం ఉండదు. పరీక్షలన్నీ పాసవుతాయి, ఎందుకంటే పరీక్షలు మామూలు మనుషులు అడిగే పొడవులే అడుగుతాయి. పట్టుకోవాల్సింది చదివే మనిషే. ఆ మనిషి చేసే పని ఇది: 64 బిట్లలో పట్టే అన్నిటికన్నా పెద్ద పొడవు తీసుకుంటాడు. అది దాదాపు 1.84 లక్షల కోట్ల కోట్లు. దానికి 4,095 కలుపుతాడు. మీటరు తిరిగిపోతుంది, మిగిలేది 4,094. చివరి 12 బిట్లు చెరిపేస్తే, సున్నా!

పై చెక్ అడిగింది ప్రోగ్రాము ఏమిచ్చిందని. కింది చెక్ అడుగుతున్నది మన లెక్క ఏం చేసిందని. అక్షరం పొల్లుపోకుండా ఒకే ప్రశ్న, అడిగింది మాత్రం వేరే సంగతిని. అందుకే వాటి ఎర్రర్లూ వేరు. ఈ రెండు వరుసలూ పోతే, ఆ కింద ఉన్న కోడ్ చేతికి సున్నా పొడవు మ్యాపింగ్ అందుతుంది. ఖాతాలోని ప్రతి ప్రాంతానికీ మొదలు కన్నా చివర పెద్దదిగా ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన కోడ్ అది. అంత పొడవు ఎవడడుగుతాడండీ అనేవాళ్లు ఉంటారు. మామూలువాడు అడగడు. కెర్నల్‌లో కన్నం వెతికేవాడు మొట్టమొదట అడిగేది అదే.

కాబట్టి క్లీనప్ రివ్యూ అంటే ప్లస్ వరుసలు బాగున్నాయా అని చూడటం ఒక్కటే కాదు. అసలు బరువు మైనస్ వరుసల మీద ఉంటుంది: ఇది ఇక్కడికి ఎందుకొచ్చింది? దీన్ని తెలుసుకోవడానికి గిట్ అనే సాధనం ఉంది. టోర్వాల్డ్సే 2005 ఏప్రిల్‌లో రాశాడు. ఏ వరుస ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి చేర్చారో అది చూపిస్తుంది. చిక్కేమిటంటే లినక్స్ గిట్ చరిత్ర కూడా ఆ 2005 ఏప్రిల్‌తోనే మొదలవుతుంది. అంతకన్నా పాత వరుసలన్నీ ఒకేరోజు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనిపిస్తాయి. వాటి కారణాలు పాత రికార్డుల్లో తవ్వుకోవాలి, లేదా పెద్దవాళ్లను అడగాలి. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో క్లీనప్ పనులు కొత్తగా చేరినవాళ్లకు అప్పగించడం అలవాటు. అప్పగించవచ్చు, పని నేర్చుకుంటారు. వాళ్లు రాసింది చదవాల్సింది మాత్రం అందరికన్నా పాత మనిషి అని నా అభిప్రాయం. ఆచరణలో అది తలకిందులుగా నడుస్తోంది. పెద్ద ఫీచర్‌కు నలుగురు రివ్యూయర్లు కూర్చుంటారు, రెండు మైనస్ వరుసలకు ‘బాగుంది’ అని ఒక ముక్క రాసి పంపేస్తారు.

పెద్దవాళ్లు తీసేసినా అంతే అనడానికి మెమరీ మ్యాపింగ్ చరిత్రలోనే పేరుమోసిన కేసు ఉంది. 2016 అక్టోబర్‌లో బయటపడిన ‘డర్టీ కౌ’. మనకు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును ప్రైవేటుగా మ్యాప్ చేసుకుని అందులో రాయబోతే, కెర్నల్ అసలు పేజీని ముట్టనివ్వకుండా మనకు వేరే కాపీ తీసి ఇస్తుంది. రాసేదేదో కాపీ మీద రాసుకోవాలి. ఇప్పుడు ఒక ప్రోగ్రాములో రెండు పనులు పక్కపక్కన పరుగెత్తించండి. ఒకటి రాయమని అడుగుతూ ఉంటుంది. రెండోది, ఆ కాపీ నాకక్కర్లేదు పారేయమని చెబుతూ ఉంటుంది. కెర్నల్ కాపీ తీసింది. రాయబోయే లోపల కాపీ పోయింది. కెర్నల్ మళ్లీ వెతుక్కుంటే అసలు పేజీ దొరికింది. కాపీ తీసే పని ఎప్పుడో అయిపోయిందన్న భ్రమలో దాని మీదే రాసేసింది. ఆ సందు ఎన్నో లక్షల సార్లకు ఒకసారి దొరికినా చాలు, కంప్యూటర్లకు తిరగడం విసుగు కాదు. మామూలు వినియోగదారుడు వ్యవస్థ ఫైళ్లను మార్చేసి యజమాని అయిపోయే వీలుండేది.

దాన్ని సరిచేస్తూ టోర్వాల్డ్స్ రాసిన వివరణ చదవదగ్గది. ఈ బగ్‌ను తాను 11 ఏళ్ల కిందటే ఒకసారి దిద్దబోయానని, అది సరిగా కుదరలేదని, ఎస్390 అనే ఐబీఎం పెద్ద యంత్రాల మీద ఇబ్బంది పెట్టడంతో ఆ దిద్దుబాటును వెనక్కు తీసుకున్నారని ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఆ సందు కాగితం మీది ప్రమాదమే. తర్వాత మెమరీ కోడ్ మారింది, సందులో దూరడం తేలికైంది. వెనక్కు తీసుకోవడానికి అప్పుడు చెప్పిన కారణం అబద్ధం కాదు. ఒకచోట ఇబ్బంది పెడుతోందని చెప్పి ఆ దిద్దుబాటును తీసేశారు. అది కాపలా కాయాల్సిన సందుకు దిక్కు లేకపోయింది.

వరుస అలాగే ఉండి దాని కింద నేల కదిలిపోయే సందర్భాలూ ఉన్నాయి. 2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1 వెర్షన్‌లో మ్యాపింగుల ఖాతాను మేపుల్ ట్రీ అనే కొత్త అమరికలోకి మార్చారు. స్టాక్ పెరిగినప్పుడు పాత పద్ధతిలో ప్రాంతం హద్దు అంకె ఒక్కటే మారేది, దానికి చదివేవాళ్ల తాళం, అంటే ఒకేసారి పలువురు ఖాతా చదువుకోనిచ్చే లాక్, సరిపోయేది. కొత్త అమరికలో ఆ చిన్న మార్పుకే ఖాతాలోని ఒక ముక్క మొత్తం పోయి కొత్త ముక్క వచ్చే వీలుంది. తాళం మాత్రం పాతదే. పోయిన ముక్కను ఇంకొకరు చదువుతూ ఉండొచ్చు. 2023 వేసవిలో ‘స్టాక్‌రాట్’ పేరుతో ఇది బయటపడింది. దిద్దడానికి టోర్వాల్డ్స్‌తో సహా అనుభవజ్ఞులకు దాదాపు రెండు వారాలు పట్టింది.

ఇదంతా చదివి, అయితే పాత వరుస దేన్నీ ముట్టుకోకూడదన్నమాట అనుకుంటే, అది ఇంకా పెద్ద ప్రమాదం. రుజువు 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని కౌరూలో దొరికింది. ఐరోపావాళ్ల కొత్త రాకెట్ ఏరియాన్-5 మొదటి ప్రయోగం. రాకెట్ దిశను లెక్కించే పరికరంలోని సాఫ్ట్‌వేర్ ఏరియాన్-4 నుంచి తెచ్చింది. అందులో రాకెట్ లేవకముందు పరికరాన్ని సరిచేసే ఒక భాగం ఉంది. లేచాక దానితో పనేమీ లేదు. అయినా పైకి లేచాక కూడా సుమారు 40 సెకన్లు నడుస్తూ ఉండేలా ఏరియాన్-4 కాలంలో పెట్టిన ఏర్పాటు అలాగే వచ్చేసింది. బాగా పనిచేస్తున్న దాన్ని కదిలించడం ఎందుకన్నారు. ఏరియాన్-5 పాతదానికన్నా వేగంగా పక్కకు కదిలే రాకెట్. ఆ పనికిరాని భాగంలో 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గడిలో కుక్కే వరుస దగ్గర ఓవర్‌ఫ్లో వచ్చింది. అలాంటి ప్రమాదమున్న ఏడు సంఖ్యల్లో నాలుగింటికే చెక్‌లు రాశారు. ప్రాసెసర్ మీద భారం పెరగకూడదని మిగతా మూడింటిని వదిలేశారు. పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే కోడ్ కాబట్టి అది అప్పటికే ఆగిపోయి ఉంది. 40 సెకన్లు గడవకముందే రాకెట్ ముక్కలైంది.

అక్కడ ఒక క్లీనప్ ప్యాచ్ రాకెట్‌ను కాపాడి ఉండేది. ఆ భాగం ఇక్కడెందుకుంది అని ఎవరైనా పట్టుబట్టి అడిగి ఉంటే జవాబు ‘ఏరియాన్-4 కోసం’ అని వచ్చేది, ఆ జవాబు వినగానే మైనస్ గుర్తు పెట్టడానికి చేయి లేచేది. తీసేయడానికైనా, ఉంచడానికైనా అడగాల్సిన ప్రశ్న అదే.

శ్రీహరికోటలోనే ఈ చెక్‌ల చిక్కుకు మరో రూపం 2022 ఆగస్టు 7న కనిపించింది. చిన్న ఉపగ్రహాల కోసం చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. అందులో చెక్ ఉంది, అది తన పని తాను చేసింది కూడా. త్వరణాన్ని కొలిచే సెన్సర్లు పాడైతే కనిపెట్టి పక్కన పెట్టే సాఫ్ట్‌వేర్ అది. రెండో దశ విడిపోయేటప్పుడు పరికరాల అర కాసేపు అదిరింది. ఆ అదురుకు సెన్సర్ల అంకెలు హద్దు తాకాయి. సెన్సర్లు పాడైపోయాయని సాఫ్ట్‌వేర్ తీర్మానించి, వాటి మాట వినడం మానేసింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యలో ఉండాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు 356, మరోవైపు 76 కిలోమీటర్లుండే దారిలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఏ ఉపగ్రహాన్నీ నిలవనివ్వదు. కారణం తెలిశాక ఇస్రో ఆ చెక్‌ను తీసేయలేదు. అదురు తగ్గేలా దశను విడదీసే ఏర్పాటును మార్చింది, ఎంత అదురుకు ఎంతసేపు ఓపిక పట్టాలన్న తర్కాన్ని దిద్దింది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ మూడు ఉపగ్రహాలను 450 కిలోమీటర్ల కక్ష్యలో దింపింది.

ఈ వరుస ఎందుకుంది అని అడిగే రివ్యూలకు ఇప్పుడు శ్రీహరికోట రాకెట్ల కోడ్‌లో మంచి గిరాకీ రాబోతోంది. 2009 నుంచి ఇస్రో రాకెట్లను నడుపుతున్నది విక్రమ్ 1601 అనే 16 బిట్ల దేశీయ ప్రాసెసర్. దాని స్థానంలోకి చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో తయారైన 32 బిట్ల విక్రమ్ 3201 వస్తోంది. 2024 డిసెంబర్ 30న లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో దాన్ని అంతరిక్షంలో పరీక్షించి చూశారు. గడి 16 బిట్ల నుంచి 32 బిట్లకు పెరిగితే 32,767 దగ్గర ఆగాల్సిన అవసరం లేదు, హద్దు 214 కోట్ల పైకి జరుగుతుంది. అలాంటి మార్పు జరిగే ఏ కోడ్‌లోనైనా పాత హద్దు చెక్‌లు వరుసగా దండగ సరుకులా కనిపించడం మొదలవుతుంది. అందులో కొన్ని నిజంగానే దండగ. గడి చిన్నది కాబట్టి పెట్టినవి, గడి పెరిగాక పోవచ్చు. కొన్ని మాత్రం రాకెట్ నాజిల్ ఇంతకన్నా తిరగదు, ఈ కవాటం ఇంతకన్నా తెరుచుకోదు అన్న కారణానికి పెట్టినవి. బిట్లు ఎన్ని పెరిగినా ఇనుము ఇంకో డిగ్రీ వంగదు. కోడ్‌లో ఈ రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి: ఒక పోలిక, ఒక హద్దు, దాటితే ఏం చేయాలో ఒక వరుస. ఏది ఏ రకమో చెప్పే కామెంటు దాని పైన లేకపోతే, రివ్యూ చేసేవాళ్లు ఆ వరుస రాసిన మనిషి రిటైరయ్యే లోపల ఫోన్ చేసి కనుక్కోవాలి.